చెక్కు రాసేవాళ్లు తగ్గారు, చెక్కు కేసులు తగ్గలేదు: దువ్వాడ నుంచి చూస్తే చెక్కుబుక్కు కథ ఇదీ

దువ్వాడ రైల్వే స్టేషన్ బయట టీ బండి మీద, కూర్మన్నపాలెం కూరగాయల దుకాణంలో, గాజువాక వెళ్లే ఆటో అద్దం మీద ఇప్పుడు ఒకేలాంటి కాగితం అంటించి ఉంటుంది. అది క్యూఆర్ కోడ్. పది రూపాయల టీకి కూడా ఫోన్ తీస్తున్నారు. కానీ ఇదే ప్రాంతంలో ఎవరైనా స్థలానికి అడ్వాన్స్ ఇవ్వబోయినా, చీటీ పాడుకున్నా, తెలిసిన మనిషి దగ్గర లక్ష రూపాయలు అప్పు అడిగినా ఎదుటివాళ్లు ముందుగా అడిగేది పాత మాటే: ‘‘చెక్కుబుక్కు ఉందా?’’

డబ్బు పంపడానికి చెక్కు వాడటం బాగా తగ్గింది. డబ్బుకు హామీగా చెక్కు అడగడం మాత్రం పోలేదు. చాలామందికి చిక్కులు వస్తున్నది ఈ రెండింటి మధ్యే. చెక్కు ఎందుకు తగ్గింది, ఇంకా ఎక్కడ నిలిచి ఉంది, ఇంట్లో బీరువాలోని పాత చెక్కుబుక్కుతో ఏం చేయాలి అన్నవి ఈ కథనంలో చూద్దాం.

అంకెలు ఏం చెబుతున్నాయి?

రిజర్వు బ్యాంకు లెక్కల ప్రకారం 2011-12లో దేశవ్యాప్తంగా క్లియరింగ్‌కు వచ్చిన చెక్కులు దాదాపు 134 కోట్లు. 2019-20 నాటికి అవి 104 కోట్లకు దిగాయి. కరోనా ఏడాది 2020-21లో ఒక్కసారిగా 67 కోట్లకు పడిపోయాయి. ఆ తర్వాత రెండేళ్లు కొంచెం కోలుకుని 71 కోట్ల దాకా వెళ్లినా, 2024-25కి మళ్లీ సుమారు 61 కోట్లకు తగ్గాయి. లాక్‌డౌన్‌లో బ్యాంకుకు వెళ్లడం మానేసినవాళ్లలో చాలామంది చెక్కు వైపు తిరిగి రాలేదన్నమాట.

అదే 2024-25లో యూపీఐ లావాదేవీలు 18,587 కోట్లు. ఒక్క చెక్కు క్లియర్ అయ్యే లోపు మూడు వందలకు పైగా యూపీఐ చెల్లింపులు జరిగిపోతున్నాయి. 2025 ఆగస్టులో అయితే యూపీఐ ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. 2019-20 నుంచి 2024-25 మధ్య చెక్కుల సంఖ్య 40 శాతానికి పైగా తగ్గితే, వాటి మీద రాసిన మొత్తం 78 లక్షల కోట్ల రూపాయల నుంచి 71 లక్షల కోట్లకే తగ్గింది. అంటే సగటు చెక్కు సుమారు 75 వేల నుంచి 1 లక్షా 17 వేల రూపాయలకు పెరిగింది. యూపీఐలో సగటు చెల్లింపు 1,400 రూపాయలు. చిన్న చెక్కులు మాయమయ్యాయి, పెద్ద చెక్కులు మిగిలాయి. చెక్కు చచ్చిపోయిందని రాసే కథనాలు సాధారణంగా ఈ రెండో లెక్కను వదిలేస్తుంటాయి.

దువ్వాడ ప్రాంతంలో చెక్కు ఎక్కడ పోయింది?

1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, దువ్వాడలోని ప్రత్యేక ఆర్థిక మండలి, చుట్టూ వందల చిన్న కాంట్రాక్టు సంస్థలు. నెలజీతం మీద, బిల్లుల మీద నడిచే ప్రాంతమిది. ఇలాంటి చోట చెక్కుకు ఒకప్పుడు మూడు పెద్ద పనులుండేవి.

మొదటిది ఊరు దాటి డబ్బు పంపడం. హైదరాబాద్‌లోనో రూర్కెలాలోనో ఉన్న బ్యాంకు మీద రాసిన చెక్కు ఇక్కడ వేస్తే, ఆ కాగితం కవరులో ఆ ఊరు వెళ్లి, అక్కడ పాసై, సమాచారం తిరిగి రావాలి. అవుట్‌స్టేషన్ చెక్కుకు రాష్ట్ర రాజధానులైతే 7 రోజులు, ప్రధాన నగరాలైతే 10 రోజులు, మిగతా ఊళ్లయితే 14 రోజులు గడువని నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఎంత పట్టేదో ఊహించుకోవచ్చు. 2005లో వచ్చిన నెఫ్ట్, 2010లో వచ్చిన ఐఎంపీఎస్ ఈ పనిని లాగేసుకున్నాయి. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి 24 గంటలూ పనిచేస్తున్నాయి.

రెండోది వాయిదాలు. బైక్ కొన్నా, ఇంటికి అప్పు తీసుకున్నా ముందు తేదీలు వేసిన చెక్కులు కట్టగా కట్టి ఇచ్చేవాళ్లు. ఫైనాన్స్ కంపెనీ నెలకొకటి తీసి బ్యాంకులో వేసేది. ఖాతా నుంచి నేరుగా వాయిదా కోసుకునే సదుపాయం ఉన్నచోట కొత్తగా ఇలాంటి చెక్కులు తీసుకోవద్దని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు ఆ పని నాచ్, ఈ-మాండేట్ చేస్తున్నాయి. లోన్ తీసుకునేటప్పుడు ఆధార్ ఓటీపీతోనో డెబిట్ కార్డుతోనో మీరు ‘ఓకే’ చేసేది దాన్నే.

చెక్కు కాదు కదా, బౌన్స్ అయితే ఏముంది అనుకునేవాళ్లున్నారు. అది పొరపాటు. ఖాతాలో డబ్బు లేక ఈ-మాండేట్ తిరిగొస్తే 2007 నాటి చెల్లింపుల చట్టంలోని 25వ సెక్షన్ వర్తిస్తుంది. చెక్కు బౌన్సుకు ఉన్నట్టే అందులోనూ రెండేళ్ల వరకూ జైలు, చెల్లించాల్సిన మొత్తానికి రెట్టింపు వరకూ జరిమానా ఉన్నాయి. కాగితం పోయింది గానీ బాధ్యత పోలేదు.

మూడోది ఈ ప్రాంతానికి బాగా దగ్గరది. కాంట్రాక్టు కార్మికులు పీఎఫ్ క్లెయిమ్ పెట్టుకోవాలంటే పేరు ముద్రించిన చెక్కు లీఫు గానీ, పాస్‌బుక్ గానీ ఫొటో తీసి అప్‌లోడ్ చేయాల్సి వచ్చేది. చాలామంది జీతం ఖాతాలకు చెక్కుబుక్కే ఉండేది కాదు. ఉన్నా దాని మీద పేరు ఉండేది కాదు. ఫొటో మసగ్గా ఉందని క్లెయిములు తిరిగొచ్చేవి. ఒక్క లీఫు కోసం చెక్కుబుక్కుకు అప్లై చేసినవాళ్లు, మిగతా లీఫులు ఒక్కటీ వాడనివాళ్లు ఎంతమందో. 2025 ఏప్రిల్ 3న ఈపీఎఫ్‌ఓ ఈ నిబంధనను అందరికీ ఎత్తేసింది. బ్యాంకు ఖాతా యూఏఎన్‌కు జతయ్యే సమయంలోనే వివరాలు సరిచూస్తారు కాబట్టి ఆన్‌లైన్ క్లెయిమ్‌కు చెక్కు ఫొటో అక్కర్లేదు. ఎవరైనా ఏజెంటు ఇప్పటికీ ‘చెక్కు లేకపోతే పీఎఫ్ రాదు’ అని డబ్బులు అడిగితే నమ్మకండి.

వీటికి తోడు 2016 నోట్ల రద్దు. అప్పట్లో డిజిటల్ చెల్లింపులపై ముఖ్యమంత్రులతో వేసిన కమిటీకి చంద్రబాబు నాయుడే కన్వీనర్. అదే ఏడాది విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ అంటూ హడావుడి నడిచింది. కమిటీల వల్ల ఎంత మారిందో గానీ, చిల్లర దొరకని ఆ నెలలు మాత్రం దుకాణాల గోడల మీద క్యూఆర్ కోడ్‌కు చోటిచ్చాయి.

మరి ఇంకా ఎవరు రాస్తున్నారు?

పెద్ద మొత్తాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. యూపీఐలో మనిషి నుంచి మనిషికి సాధారణంగా రోజుకు లక్ష రూపాయలే పరిమితి. కొన్ని రకాల వ్యాపార చెల్లింపులకు 2025 సెప్టెంబరు 15 నుంచి పరిమితి పెంచినా, స్థలం అమ్మే వ్యక్తికి నేరుగా ఐదు లక్షలు పంపడానికి అది పనికిరాదు.

నగదు ఇద్దామంటే ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఒక వ్యవహారంలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. అప్పుగా గానీ, స్థిరాస్తి అడ్వాన్సుగా గానీ 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. అందుకే అగ్రిమెంట్లలో చెక్కు నంబరు, తేదీ, బ్యాంకు పేరు రాసుకోవడం అలవాటైంది. చెక్కు ఇచ్చి సంతకాలు పెట్టుకోవడంలో ఒక తంతు ఉంది. ఫొటో కూడా దిగుతారు. ఆర్‌టీజీఎస్‌కు ఆ ముచ్చట లేదు.

కానీ రుజువు కోసమే అయితే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు వచ్చే యూటీఆర్ నంబరు చెక్కు నంబరు కంటే గట్టి ఆధారం. చెక్కు నంబరు ‘ఇస్తానన్నాను’ అని చెబుతుంది. యూటీఆర్ ‘డబ్బు చేరింది’ అని చెబుతుంది. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పితే డబ్బు ఎవరికో పోతుందన్న భయం మొన్నటిదాకా న్యాయమైనదే. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో కూడా పంపే ముందు అవతలి ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు వచ్చింది. ఆ పేరు చూడకుండా పంపకండి. ఆర్‌టీజీఎస్‌కు కనీసం 2 లక్షలుండాలి, నెఫ్ట్‌కు కనీస మొత్తం లేదు. సేవింగ్స్ ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో నెఫ్ట్ చేస్తే చార్జీ కూడా లేదు.

చెక్కును వదల్లేని ఇంకో వర్గం పెద్దవాళ్లు. ఉక్కునగరంలో పనిచేసి రిటైరైనవాళ్లలో ఫోన్‌లో డబ్బు పంపడానికి భయపడేవాళ్లున్నారు. సైబర్ మోసాల వార్తలు చూస్తే ఆ భయాన్ని తప్పు పట్టలేం. మోకాళ్ల నొప్పులతో బ్యాంకుకు వెళ్లలేక సెల్ఫ్ చెక్కు రాసి మనవడి చేతికిస్తారు. క్రాస్ చేయని సెల్ఫ్ చెక్కు దారిలో పోతే దొరికినవాళ్లు డబ్బు తీసుకునే ప్రమాదం ఉంది. 70 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు ఇంటి వద్దకే నగదు, చెక్కు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులకు చెప్పింది. బ్రాంచిలో అడిగితే గానీ ఈ సదుపాయం గురించి చెప్పరు. అడగండి.

అసలు చిక్కు: హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కు

అప్పు తీసుకునేటప్పుడు ప్రాంసరీ నోటుతో పాటు సంతకం చేసిన రెండు ఖాళీ చెక్కులు ఇవ్వడం తెలుగు ఊళ్లలో మామూలు విషయమైపోయింది. చీటీ ఎత్తినవాళ్లు ఇస్తారు. వాళ్లకు జామీను ఉన్నవాళ్లూ ఇస్తారు. ‘ఉత్త సెక్యూరిటీకే, వెయ్యంలే’ అంటారు. నిజానికి చాలా కేసుల్లో వెయ్యరు కూడా. వేసిన కేసుల్లో మాత్రం బతుకు తలకిందులవుతుంది.

ఎందుకంటే చట్టం సంతకాన్నే చూస్తుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టానికి 1988లో చేసిన సవరణతో 138వ సెక్షన్ వచ్చింది. 1989 ఏప్రిల్ 1 నుంచి చెక్కు బౌన్స్ నేరమైంది. రెండేళ్ల వరకూ జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకూ జరిమానా పడొచ్చు. చెక్కు మీద సంతకం మీదేనని తేలితే, అది అప్పు తీర్చడానికే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మీరే.

‘నేను ఖాళీగా ఇచ్చాను, అంకెలు ఆయన రాసుకున్నాడు’ అనే వాదన ఒక్కటే సరిపోదు. ఇష్టపూర్వకంగా సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కుకు కూడా ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పింది. ‘సెక్యూరిటీకి ఇచ్చాను’ అన్న మాట కూడా గట్టెక్కించదు. గడువు దాటినా అప్పు తీరకపోతే సెక్యూరిటీ చెక్కును బ్యాంకులో వేయొచ్చని 2021లో శ్రీపతి సింగ్ కేసులో స్పష్టం చేసింది. ఖాతా మూసేసినా, స్టాప్ పేమెంట్ ఇచ్చినా కేసు దానంతటదే తప్పిపోదు.

అయితే అప్పు తీసుకున్నవారికి ఊరటనిచ్చే తీర్పు కూడా ఒకటుంది. ఉదాహరణకు లక్ష రూపాయలు తీసుకుని లక్షకు చెక్కు ఇచ్చారనుకుందాం. నెలనెలా ఫోన్‌పేలో 60 వేలు తిరిగి కట్టారు. మిగతా 40 వేల దగ్గర గొడవ వచ్చి, అవతలి వ్యక్తి లక్ష చెక్కునే బ్యాంకులో వేశాడు. ఆ రోజుకు అసలు బాకీ లక్ష కాదు కాబట్టి, కట్టిన మొత్తాన్ని చెక్కు మీద నమోదు చేయకుండా పూర్తి మొత్తానికి వేస్తే 138 కింద నేరం కాదని 2022 అక్టోబరులో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మిగిలిన 40 వేలు ఎగ్గొట్టొచ్చని కాదు, దానికి సివిల్ దావా వేసుకోవచ్చు. కానీ జైలు భయం పెట్టి లక్ష వసూలు చేయడం కుదరదు.

ఆ తీర్పు మీకు పనికి రావాలంటే 60 వేలు కట్టినట్టు రుజువు కావాలి. ఇక్కడే యూపీఐ మేలు చేస్తుంది. చేతికిచ్చిన నగదుకు సాక్ష్యం ఉండదు, యూపీఐకి బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం. చెల్లించేటప్పుడు నోట్ దగ్గర ‘అప్పు వాయిదా, మార్చి’ అని నాలుగు ముక్కలు రాస్తే ఇంకా మంచిది. ఫోన్ మారినప్పుడు యాప్‌లో పాత చరిత్ర కనిపించకపోవచ్చు, బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దాచుకోండి. వడ్డీ వ్యాపారి ‘నా నంబరుకు వద్దు, మా బావమరిది నంబరుకు కొట్టు’ అంటే అనుమానించాల్సిందే. ఆ డబ్బు ఎవరి అప్పుకు జమ అనే ప్రశ్న తర్వాత కోర్టులో వస్తుంది.

కేసు ఎలా నడుస్తుందో కూడా తెలిసి ఉండాలి. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు అవతలి వ్యక్తి మీకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది మీకు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులుంటాయి. ఆ 15 రోజుల్లో కడితే కేసే లేదు. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు ఆయన కోర్టులో ఫిర్యాదు చేయాలి. చాలామంది రిజిస్టర్డ్ పోస్టు తీసుకోకుండా వెనక్కి పంపేసి తెలివైన పని చేశామనుకుంటారు. సరైన చిరునామాకు పంపి తిరిగొచ్చిన నోటీసును అందినట్టుగానే కోర్టులు లెక్కిస్తాయి. ఆ 15 రోజుల అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకోవడం తప్ప అందులో లాభం లేదు. నోటీసుకు జవాబు ఇవ్వడం, అందులోనే ‘ఇంత కట్టాను, ఇదిగో వివరాలు’ అని రాయడం తర్వాత ఎంతో ఉపయోగపడుతుంది.

2015 సవరణ తర్వాత, చెక్కు వేసినవారి ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే కేసు నడుస్తుంది. అంటే దువ్వాడలో అప్పు తీసుకుని, ఇచ్చిన వ్యక్తి ఖాతా విజయవాడలో ఉంటే వాయిదాలకు విజయవాడ తిరగాలి. 2018 సవరణతో, విచారణ పూర్తవకముందే చెక్కు మొత్తంలో 20 శాతం వరకూ మధ్యంతర పరిహారం కట్టమని ఆదేశించే అధికారం కూడా కోర్టుకు వచ్చింది.

ఈ కేసులు ఎన్నో సుప్రీంకోర్టే లెక్క చెప్పింది. 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు చెక్కు బౌన్సులే. చెక్కుల సంఖ్య పడిపోతున్న ఏళ్లలోని లెక్క ఇది. వీటిలో రాజీకి చట్టం ఒప్పుకుంటుంది. ఏళ్ల తరబడి తిరిగే కంటే జాతీయ లోక్ అదాలత్‌లో తేల్చుకోవడం ఇద్దరికీ చవక.

అప్పు తీరిన రోజునే ప్రాంసరీ నోటూ చెక్కులూ వెనక్కి తీసుకోండి. ‘ఎక్కడో పెట్టాను, దొరికాక ఇస్తాను’ అంటే, చెక్కు నంబర్లు రాసి, బాకీ పూర్తిగా తీరిందని సంతకం చేయించుకోండి. అదీ కుదరకపోతే వాట్సాప్‌లోనైనా ‘మొత్తం ముట్టింది’ అని రాయించుకుని, బ్యాంకుకు ఆ నంబర్లపై స్టాప్ పేమెంట్ ఇవ్వండి. ఇలా అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. తెలిసిన మనిషి కదా అని.

ఆంధ్రా బ్యాంకు చెక్కులు ఇంకా ఉన్నాయా?

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కోస్తాలో చాలా ఇళ్లలో మొదటి పాస్‌బుక్ ఆ బ్యాంకుదే. విలీనం తర్వాత ఐఎఫ్‌ఎస్‌సీ, ఎంఐసీఆర్ కోడ్లు మారాయి, పాత చెక్కుబుక్కులు చెల్లవని ప్రకటించారు. అయినా పాత లీఫులు బీరువాల్లోనూ, అప్పులిచ్చినవాళ్ల పెట్టెల్లోనూ ఉండిపోయాయి.

విలీనం వల్ల చెల్లకుండా పోయిన పాత చెక్కు తిరిగొస్తే అది 138 కింద నేరం కాదని అలహాబాద్ హైకోర్టు 2024లో ఒక కేసులో చెప్పింది. ఆ కేసు ఇండియన్ బ్యాంకులో కలిసిన అలహాబాద్ బ్యాంకు చెక్కుది. చట్టప్రకారం చెక్కు అనేది చెల్లుబాటులో ఉన్న రోజుల్లో బ్యాంకుకు చేరాలి అన్నది దాని సారాంశం. ఇది వేరే రాష్ట్రం హైకోర్టు తీర్పు. మన కోర్టులు దాన్ని పరిశీలనకు తీసుకుంటాయి గానీ కట్టుబడాల్సిన అవసరం లేదు. కాబట్టి పాత చెక్కు కదా అని ధీమాగా ఉండొద్దు.

ఇప్పుడు గ్రామీణ బ్యాంకుల వంతు. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారాయి. ఉత్తరాంధ్రలో ఎక్కువగా కనిపించే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అందులో ఒకటి. ఆ బ్యాంకు పాత చెక్కులు మీ దగ్గరుంటే, ఎవరికైనా రాసిచ్చే ముందు బ్రాంచిలో కనుక్కుని కొత్త బుక్కు తీసుకోండి.

క్లియరింగ్ ఇప్పుడు సాయంత్రానికే

చెక్కు కింద తెల్లపట్టీ మీద చదరంగా కనిపించే అంకెల్లో మధ్యనున్న తొమ్మిది అంకెలు ఎంఐసీఆర్ కోడ్. అందులో మొదటి మూడు ఊరిని చెబుతాయి. విశాఖ చెక్కుల మీద అవి 530, మన పిన్‌కోడ్‌లోని మొదటి మూడంకెలే. తర్వాతి మూడు బ్యాంకును, చివరి మూడు బ్రాంచిని చెబుతాయి.

ఇప్పుడు చెక్కు కాగితం ప్రయాణం చేయదు. మీరు వేసిన బ్యాంకులోనే ఆగిపోతుంది, దాని ఫొటో మాత్రమే వెళ్తుంది. 2008లో ఢిల్లీలో మొదలైన ఈ చెక్ ట్రంకేషన్ పద్ధతి 2011లో చెన్నై కేంద్రంగా దక్షిణాదికి వచ్చింది. 2025 అక్టోబరు 4 నుంచి ఇది ఇంకా వేగవంతమైంది. అంతకుముందు చెక్కులన్నీ పోగేసి ఒక విడతలో పంపేవారు, డబ్బు మర్నాటికి పడేది. ఇప్పుడు వచ్చింది వచ్చినట్టు స్కాన్ చేసి పంపాలి. చెక్కు ఇచ్చినవారి బ్యాంకు అదే సాయంత్రం 7 లోపు ఔననో కాదనో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే పాసైనట్టే లెక్క. మూడు గంటల్లోనే జవాబు చెప్పాలనే రెండో దశను 2026 జనవరి 3న మొదలుపెడతామని తొలుత ప్రకటించినా, తర్వాత దాన్ని వాయిదా వేశారు.

దీని ప్రభావం చెక్కు తీసుకునేవారి కంటే ఇచ్చేవారి మీదే ఎక్కువ. ‘ఈ రోజు చెక్కు ఇస్తా, రేపు జీతం పడుతుంది, ఎల్లుండి పాసవుతుంది’ అనే పాత లెక్క ఇక కుదరదు. ఉదయం వేసిన చెక్కు మధ్యాహ్నానికే మీ ఖాతాను తడుతుంది. జీతం రెండు రోజులు ఆలస్యమైతే చెక్కు వెనక్కి పోతుంది.

50 వేలు దాటిన చెక్కు రాస్తే పాజిటివ్ పే కూడా గుర్తుంచుకోండి. 2021 జనవరి 1 నుంచి ఉన్న ఈ ఏర్పాటులో చెక్కు నంబరు, తేదీ, ఎవరి పేరు, ఎంత మొత్తం అనే వివరాలను మీరే ముందుగా యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో బ్యాంకుకు చెబుతారు. అంకెలు దిద్దిన చెక్కో నకిలీ చెక్కో వస్తే దొరికిపోతుంది. 5 లక్షలు, ఆపైన చెక్కులకు చాలా బ్యాంకులు దీన్ని తప్పనిసరి చేశాయి. చెప్పడం మరిచిపోతే, ఖాతాలో డబ్బున్నా చెక్కు తిరిగొచ్చే అవకాశం ఉంది. రిజిస్ట్రేషన్ రోజున ఇలా జరిగితే ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

చెక్కు రాసేటప్పుడు

నల్ల ఇంకుతో రాస్తే చెల్లదని వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్ అబద్ధం. అలాంటి నిబంధనేదీ రిజర్వు బ్యాంకు పెట్టలేదని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ 2025 జనవరిలో తేల్చిచెప్పింది. చెరిగిపోని ఇంకు అయితే చాలు. చెక్కును తెలుగులో కూడా రాయొచ్చు. ఇంగ్లిష్, హిందీలతో పాటు ప్రాంతీయ భాషలో రాసిన చెక్కులను బ్యాంకులు తీసుకోవాలి. కౌంటర్‌లో ఉన్నవారికి ఇది తెలియకపోతే చెప్పండి.

దిద్దుబాట్లు మాత్రం పనికిరావు. పేరు, మొత్తం కొట్టేసి పక్కన సంతకం పెడితే ఒకప్పుడు నడిచేది. ట్రంకేషన్ వచ్చాక తేదీ తప్ప మరేదీ దిద్దకూడదు, కొత్త లీఫు రాయాల్సిందే. తేదీ వేసినప్పటి నుంచి మూడు నెలలే చెక్కుకు ఆయుష్షు. ఆరు నెలలు అనే పాత లెక్క 2012 ఏప్రిల్‌తోనే పోయింది. ఎడమ మూలన రెండు గీతలు గీసి ‘అకౌంట్ పేయీ’ అని రాస్తే ఆ పేరున్న ఖాతాలోకే డబ్బు వెళ్తుంది.

చెక్కును డ్రాప్ బాక్సులోనే వేయమని బ్యాంకు బలవంతం చేయకూడదు. కౌంటర్‌లో ఇచ్చి, కౌంటర్‌ఫాయిల్ మీద ముద్ర వేయించుకునే హక్కు మీకుంది. చెక్కు బ్యాంకు చేతుల్లో పోతే బాధ్యత బ్యాంకుదే అని చూపించడానికి ఆ ముద్రే ఆధారం. బ్యాంకుకు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సమాచారానికి 14448కు ఫోన్ చేయొచ్చు.

చెక్కును రద్దు చేస్తారా?

భారత్‌లో ఇప్పటికి అలాంటి ప్రకటన లేదు. చెక్కుబుక్కులు ఎత్తేస్తారని 2017 నవంబరులో ప్రచారం జరిగితే, ఆ ప్రతిపాదనే లేదని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. తర్వాత చేసిన మార్పులన్నీ చెక్కును వేగంగా, భద్రంగా నడపడానికి చేసినవే.

బయట పరిస్థితి వేరు. డెన్మార్క్ 2017లో చెక్కుల క్లియరింగ్ ఆపేసింది. న్యూజిలాండ్ బ్యాంకులు 2021కల్లా చెక్కులు మానేశాయి. ఆస్ట్రేలియా 2028 తర్వాత కొత్త చెక్కులు ఉండవని, 2029లో పూర్తిగా ముగిస్తామని ప్రకటించింది. బ్రిటన్ కూడా 2018కల్లా ఆపేస్తామని 2009లో చెప్పింది. వృద్ధులు, స్వచ్ఛంద సంస్థలు గట్టిగా వ్యతిరేకించడంతో 2011లో వెనక్కి తగ్గింది. అక్కడి గొడవను చూస్తే మన పెన్షనర్ల ఇబ్బందే కనిపిస్తుంది.

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలకు మరో సంగతి. ఇంటి అద్దె దగ్గర్నుంచి పన్ను రిఫండ్ దాకా చెక్కుల మీద నడిచిన దేశమది. అక్కడ కూడా ఫెడరల్ ప్రభుత్వం 2025 సెప్టెంబరు 30 నుంచి కాగితపు చెక్కులు ఇవ్వడం ఆపే పనిలో పడింది. చదువు ముగించుకుని తిరిగొచ్చిన పిల్లలకు రిఫండ్ ఏదైనా రావాల్సి ఉంటే, అక్కడి బ్యాంకు ఖాతాను మూసేయడానికి తొందరపడొద్దని చెప్పండి.